పెద్దచెరువు మజిలీ

(రేడియో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



'మజిలీ' అనే మాట ఈమధ్య మన నోట వినపడడం తగ్గిపోయింది. కాలినడకన కాశీకీ, రామేశ్వరానికీ వెళ్లే రోజుల్లో ప్రయాణాన్ని మజిలీల్లో లెక్కపెట్టేవారు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' మీలో చాలామంది అమ్మమ్మల ఇళ్లలో చూసే ఉంటారు. రోజంతా నడవడం, ఒకచోట ఆగడం, ఆగినచోట ఒక కథ చెప్పుకోవడం. నడక ఎంత ముఖ్యమో ఆగడమూ అంతే ముఖ్యమని ఆ మాటలోనే ఉంది. ఇప్పుడైతే రాత్రి బస్సెక్కి కళ్లు మూసుకుంటే తెల్లవారేసరికి క్షేత్రంలో ఉంటాం. ఇంక మజిలీతో మనకేం పని అంటారా? నాకు పని పడింది. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకోవాలని వచ్చాను.

నేను హైదరాబాదులో, మాదాపూరు దగ్గర ఒక కంప్యూటర్ కంపెనీలో పద్ధెనిమిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. హైటెక్ సిటీ పేరు వినని వారుండరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి అటంతా రాళ్లగుట్టలే. ఇప్పుడు ఎటు చూసినా అద్దాల మేడలు. ఆ మేడల మధ్యనే దుర్గం చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు నీళ్లిచ్చిన చెరువది. 2020లో దానిమీద తీగల వంతెన వేశారు. రోజూ ఆ వంతెన మీదుగానే ఆఫీసుకు వెళతాను గానీ, ఒక్కనాడైనా దిగి ఆ చెరువు గట్టున కూర్చున్న పాపాన పోలేదు. పొద్దున్నే పిల్లల టిఫిను డబ్బాలు, పగలంతా ఆఫీసు, రాత్రయ్యాక అమెరికా వాళ్లతో ఫోన్లు. నేను ఆగడమంటూ జరిగితే అది జ్వరం వచ్చిన రోజునే. మీలో చాలామంది సంగతీ అంతే కదూ?

మా అత్తగారిది కర్నూలు వైపు. చిన్నతనంలో ఒకసారి వాళ్ల అవ్వ చెయ్యి పట్టుకుని ఆత్మకూరు దారిన నల్లమల దాటి, ఉగాదికి శ్రీశైలం నడిచి వెళ్లారట. అరవై రెండేళ్ల వయసులో మళ్లీ ఆ దారిన ఒకసారి నడవాలని కోరిక పుట్టింది. "నీకు సెలవు దొరక్కపోతే నేనొక్కదాన్నే పోతాలేమ్మా" అన్నారు. ఆ మాటకు నేనెలా ఊరుకోగలను? ఆఫీసులో ఈ సంగతి చెప్పగానే మా విభాగంలో పనిచేసే ఇరవై ఆరేళ్ల అమ్మాయి నేనూ వస్తానంది. ఆదివారాలు అనంతగిరి గుట్టలెక్కి దిగే పిల్ల. ఆమెతోపాటు ముగ్గురు కుర్రాళ్లు తయారయ్యారు. ఇంకొకామె, మా అంతస్తు ఊడ్చి తుడిచే అక్క. ఆమెది పాలమూరు. మల్లన్నకు మొక్కు ఉందని నాలుగు రోజులు సెలవడిగి మరీ వచ్చింది. వెరసి ఏడుగురం.

ఆ దారి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆత్మకూరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. అక్కణ్ణించి వెంకటాపురం, నాగలూటి వీరభద్రస్వామి గుడి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. ఆ పైన శ్రీశైలం. వెంకటాపురం నుంచి లెక్క వేసుకున్నా నలభై కిలోమీటర్ల పైమాటే. అంతా పులులు తిరిగే అభయారణ్యం. అందుకని శివరాత్రికీ ఉగాదికీ మాత్రం ఈ కాలిబాటన యాత్రికులను వెళ్లనిస్తారు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతోంది. 1830లో మదరాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కూడా శ్రీశైలానికి ఈ ఆత్మకూరు దారినే వెళ్లారు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తిరగేస్తే ఏ మజిలీ ఎంత దూరం, అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయి, సామాను దొరుకుతుందా, బస చేయడానికి చోటుందా అన్న వివరాలే ఎక్కువగా కనిపిస్తాయి. అనుభవం ఉన్న ప్రయాణికుడు ముందు ఆగే చోటు చూసుకుంటాడు, ఆ తర్వాతే నడక సంగతి.

ఉగాదికి ఈ దారంతా కన్నడం వినిపిస్తుంది. రాయచూరు, బళ్లారి, బాగల్‌కోట, బెళగావి నుంచి జనం తండోపతండాలుగా వస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు, మల్లికార్జునుడు అల్లుడు. పండక్కి కూతురికి చీర, పసుపు కుంకుమలు పట్టుకొచ్చినట్టే తెస్తారు. మరగాళ్లు కట్టుకుని నడిచే మొక్కులవాళ్లూ ఉంటారు. మల్లన్న మా చెంచుపిల్లను పెళ్లాడాడు, కాబట్టి మాకే అల్లుడంటారు నల్లమల చెంచులు. దేవుడికి ఎన్ని అత్తవారిళ్లో చూడండి!

ఇక మా నడక. నాగలూటి మెట్ల దాకా నవ్వుతూ తుళ్లుతూ వెళ్లాం. ఎండ ముదిరేసరికి కన్నడ ఆడవాళ్లందరూ చెట్ల కింద చేరి జొన్నరొట్టెల మూటలు విప్పారు. మా అత్తగారు కూడా కూర్చుందామన్నారు. మా కుర్రాళ్లు వినలేదు. సాయంత్రానికి పెద్దచెరువు దాటాలని వాళ్ల లెక్క. మా అమ్మాయి వాళ్లకంటే ముందు నడుస్తోంది. చేతికి గడియారం, అందులో అడుగుల లెక్క. ఇరవై వేలయింది, ఇరవై రెండు వేలయింది అంటోంది. నేను ఆ లెక్క విన్నాను గానీ ఇంకో లెక్క చూసుకోలేదు. పొద్దుటినుంచి ఆ పిల్ల సీసాలో నీళ్లు రెండు గుక్కలకు మించి తగ్గలేదు.

ఎందుకో నేను చెప్పకుండానే మీకు తెలిసిపోయి ఉంటుంది. దారి పొడుగునా మగవాళ్లు. చాటు చూసుకుని వెళదామంటే పొదల్లో ఏముంటుందోనని భయం. తోడు రమ్మని అడగడానికి సిగ్గు. నీళ్లు తాగకపోతే అసలు ఆ అవసరమే రాదు కదా అని మన ఆడవాళ్లందరం చేసే పనే ఆమె చేసింది. బస్సు ప్రయాణాల్లో, పెళ్లిళ్లలో, పరీక్ష హాళ్లలో, మరుగుదొడ్డి సరిగా లేని ఆఫీసుల్లో మనం చేయడం లేదూ? మన అమ్మలు మనకు నేర్పారు, మనం మన పిల్లలకు నేర్పుతున్నాం. మూత్రంలో మంట, జ్వరాలు చాలామంది ఆడవాళ్లకు ఈ అలవాటు వల్లనే వస్తాయి. ఎండలో గంటల తరబడి నడిచేటప్పుడైతే ఇది ప్రాణం మీదికే వస్తుంది.

దామెర్లకుంట దాటాక తలనొప్పి అంది. ఇంకాసేపటికి మాట్లాడటం మానేసింది. పెద్దచెరువు గూడెం కనిపించేసరికి ఒళ్లు తూలుతోంది, మొహం పాలిపోయింది, వాంతి వచ్చేట్టుందని కూర్చుండిపోయింది. అక్కడ దాతలు వేసిన అన్నదానం పందిరి ఉంది గానీ, జనం కిటకిటలాడిపోతున్నారు. మా పాలమూరు అక్క ఎటు వెళ్లిందో వెళ్లి, ఒక చెంచు అవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అవ్వ పిల్ల చెయ్యి పట్టుకు చూసి, "చెమట పడతాండాది, భయం లేదు పాపా, లెయ్యి" అని తన గుడిసెకు నడిపించింది.

చాప వేసి పడుకోబెట్టి, కాళ్ల కింద బియ్యం మూటలాంటిదేదో ఎత్తు పెట్టింది. బూట్లు తనే విప్పింది. తడిగుడ్డ మెడకూ చంకలకూ వేసింది. నీళ్లు గడగడా తాగబోతే చెంబు లాక్కుని, కొంచెం కొంచెంగా పట్టించింది. మా దగ్గరున్న ఉప్పూ పంచదారా నేను ఆ నీళ్లలో కలిపాను. పిల్ల కాస్త తేరుకున్నాక, ఏమీ అడగకుండానే, "రా, మా ఆడోళ్లు పోయే చోటు చూపిస్తా" అని చెయ్యి పట్టుకు తీసుకుపోయి తీసుకొచ్చింది. డాక్టరమ్మ కూడా ఇంతకంటే ఏం చేస్తుంది చెప్పండి?

ఇంతలో మా కుర్రాళ్లకు తొందర. ఇద్దరు ఇక్కడ ఉండండి, మిగతావాళ్లం వెళదాం, లేకపోతే అనుకున్న వేళకు భీముని కొలను చేరం అన్నారు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ నిట్టనిలువుగా మెట్లెక్కాలి. ఆ పిల్ల కూడా లేచి కూర్చుని, "నాకేం లేదు, నావల్ల ఆగొద్దు, నడుస్తాను" అంది. నిజం చెప్పొద్దూ, నేను కూడా సోమవారం ఆఫీసు లెక్క వేసుకుంటూ, నడవగలదేమో అనుకున్నాను. అప్పుడు మా అత్తగారు చాప మీద చతికిలబడి, "నేను కదలను. దేవుడు ఎక్కడికీ పోడు. నాకు మోకాళ్లు నొస్తున్నాయి. ముసలిదాన్ని వదిలిపెట్టి పోతే పోండి" అన్నారు. అత్తగారి మోకాళ్లు నాకు తెలియవా? ఆ పిల్ల మాట పడకుండా తన మీద వేసుకున్నారు. అందరం ఆగిపోయాం.

ఆ సాయంత్రం, ఆ రాత్రి పెద్దచెరువులోనే. మా ఫోన్లు పలకడం మానేశాయి. చేయడానికి పనేమీ లేదు. మొదట ఒక గంట నాకు కాళ్లూ చేతులూ ఆడలేదంటే నమ్మండి. ఊరికే కూర్చోవడం కూడా మరిచిపోయామా అనిపించింది. చెరువు మీద పొద్దు వాలడం చూశాను. కన్నడ ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని పాడుతుంటే విన్నాను. మా పాలమూరు అక్కతో ఏడేళ్లుగా రోజూ మాట్లాడుతూనే ఉన్నాను గానీ, ఆమెకు ఇద్దరు కూతుళ్లని, పెద్దది నర్సు చదువుతోందని ఆ రాత్రే తెలిసింది. ఆమె అరికాళ్లు చూసి అడిగితే, "ఈ నడకకు కాదమ్మా. ఆఫీసులో పొద్దంత నిలబడుడే కదా" అంది.

మా అంతస్తులో రెండు వందల కుర్చీలున్నాయి. చక్రాలవి, వెన్నుకు ఆసరా ఉన్నవి. నా చేతిగడియారం గంటకొకసారి లేచి నిలబడమని నాకు గుర్తు చేస్తుంది. ఆమెను కూర్చోమని చెప్పే గడియారం మాత్రం లేదు. ఆమెకు కుర్చీ కూడా లేదు. భోజనం వేళ తప్ప కూర్చుంటే ఎవరైనా చూస్తారని భయమట.

అవ్వతో కూడా చాలాసేపు మాట్లాడాం. "మీకేం అవ్వా, ప్రశాంతమైన చోట ఉన్నారు, ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోంది" అన్నాను నేను. పట్నం వాళ్లం అడవికి వెళితే అనే మాటే. అవ్వ గుడిసెలోపలికి చూపించింది. కూతురు నిండు చూలాలు. "ఈ నెల పడితే ఆత్మకూరుకు తోలకపోవాల. నడిజామున నొప్పులొస్తే బండి రావాల. బండి రావాలంటే ఫోను పలకాల" అంది. నేను మరి మాట్లాడలేదు. ఏ దూరం నాకు విశ్రాంతి అయిందో అదే దూరం ఆమెకు ప్రాణగండం. మనం ఒక్క రాత్రి ఉండి వచ్చేస్తాం. వాళ్లు ఏడాది పొడుగునా అక్కడే ఉంటారు.

తెల్లవారి బయలుదేరేటప్పుడు డబ్బులివ్వబోయాను. తాగే నీళ్లకు డబ్బులు తీసుకోనంది. కాసేపు ఆలోచించి, "ఆ పాప నెత్తికి కట్టుకునే లైటు ఉండాదే, అది ఇస్తే తీసుకుంటా" అంది. రాత్రిపూట కూతుర్ని దింపుకోవాల్సి వస్తే చేతులు ఖాళీగా ఉంటాయని. అడవి ప్రయాణానికని ఆ పిల్ల ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న లైటు. వెంటనే తీసి, ఎలా వెలిగించాలో చూపించి, మా దగ్గరున్న బ్యాటరీలన్నీ కలిపి ఇచ్చింది. నేను ఇవ్వబోయిన నోటు కంటే ఆమె అడిగిన వస్తువే సరైనదని నాకప్పుడు అర్థమైంది. సాయం చేసేటప్పుడు మనకు తోచింది ఇవ్వడం కాదు, వాళ్లకు కావలసింది అడిగి ఇవ్వాలి.

ఆ రోజు చల్లటి వేళ నడిచి, ఎండలో ఆగి, భీముని కొలను మెట్లు మెల్లగా ఎక్కి, కైలాసద్వారం చేరాం. అందరికంటే ఉషారుగా ఎక్కింది ఎవరనుకున్నారు? ఆ పిల్లే. ఒక రాత్రి ఆలస్యంగానైనా ఏడుగురం ఒక్కసారే మల్లన్న దర్శనం చేసుకున్నాం.

అమెరికాలో అప్పలాచియన్ బాట అని మూడువేల కిలోమీటర్ల పైచిలుకు నడకదారి ఉంది. నెలల తరబడి నడిచేవాళ్లు మధ్యలో ఏదో ఒక చిన్న ఊళ్లో ఒక రోజంతా కదలకుండా ఉండిపోతారు. దాన్ని వాళ్లు 'సున్నా రోజు' అంటారు. ఆ రోజు నడిచిన దూరం సున్నా అన్నమాట. దానికి సిగ్గుపడరు, ముందే లెక్కలో వేసుకుంటారు. 1955లో ఆ దారంతా ఒక్కతే నడిచిన ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడకు అప్పటికి అరవై ఏడేళ్లు. పదకొండు మంది బిడ్డల తల్లి. కాళ్లకు గుడ్డ బూట్లు, భుజాన తను కుట్టుకున్న సంచి. అంతకు ముందు ఏడాది బయలుదేరి దారి తప్పింది, కళ్లజోడు విరిగింది, వెనక్కి వచ్చేసింది. ఆగినందుకూ వెనుదిరిగినందుకూ ఆమె తక్కువైపోలేదు. మరుసటి ఏడు మళ్లీ బయలుదేరి పూర్తి చేసింది. దారిలో ఎవరి ఇల్లు కనిపిస్తే వాళ్ల తలుపు తట్టి, ఈ రాత్రికి చోటిస్తారా అని అడిగేది. ఎంత గట్టి మనిషికైనా ఒక పెద్దచెరువు కావాలి, తలుపు తీసే ఒక అవ్వ కావాలి.

మీలో ఎవరైనా ఇలాంటి యాత్రకు వెళ్లదలచుకుంటే నేను నేర్చుకున్నవి నాలుగు చెబుతాను. దాహం వేసేదాకా ఆగకుండా గంటకు రెండుమూడు సార్లు నాలుగేసి గుక్కలు తాగండి. లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపితే చెమటలో పోయింది తిరిగి వస్తుంది. చెంచా అంటే చిన్న చెంచానే, ఉప్పు ఎక్కువ కాకూడదు. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీళ్లు చాలలేదని అర్థం. తల తిరిగినా, వాంతి వచ్చేట్టున్నా నీడకు చేరి కాళ్లు ఎత్తున పెట్టుకు పడుకోవాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే మాత్రం అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని కూడా ఊరుకోకూడదు. ఒళ్లు తడుపుతూ వెంటనే వైద్యుడి దగ్గరకు చేర్చాలి. ఆడవాళ్లు ఇద్దరిద్దరు జతగా ఉండండి. చాటుకు వెళ్లేటప్పుడు ఒకరికొకరు తోడు అని బయలుదేరేముందే చెప్పుకోండి. సిగ్గు సగం అక్కడే పోతుంది. గుంపులో అందరికంటే మెల్లగా నడిచేవాళ్లను ముందు పెట్టండి. మీ సీసాలు, కవర్లు, ఆకులు మళ్లీ మీ సంచిలోనే తెచ్చుకోండి. అవి మిగిలిపోతే మన తర్వాత ఏరుకోవలసింది ఆ గూడెం ఆడవాళ్లే.

తిరిగి వచ్చాక ఒక చిన్న పని చేశాం. మా ఆఫీసులో నీళ్లు పట్టుకునే చోట, గోడవార రెండు కుర్చీలు వేయించమని నేనూ ఆ అమ్మాయీ ఒక కాగితం రాసి ఇచ్చాం. కుర్చీలకు ఏం కాగితం అని నవ్వినవాళ్లు ఉన్నారు. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం పోరాడితే 2018లో చట్టం మార్చారు. తమిళనాడులో 2021లో మార్చారు. నవ్వే సంగతైతే చట్టాల దాకా ఎందుకు వెళుతుంది? రెండు నెలలు తిరిగాక కుర్చీలు వచ్చాయి. మొదటి వారం వాటిలో ఎవరూ కూర్చోలేదు. అలవాటు లేదు మరి. నేనే వెళ్లి ఒకదాంట్లో కూర్చుని, రెండోదాంట్లో అక్కను కూర్చోబెట్టుకున్నాను. ఇప్పుడు మధ్యాహ్నం నాలుగింటికి అక్కడ ఇద్దరు ముగ్గురు చేరుతున్నారు. ఆ చోటుకు మా అమ్మాయి పెద్దచెరువు అని పేరు పెట్టింది.

అవ్వ కూతురికి పురుడు ఎలా జరిగిందో కనుక్కునే వీలు చిక్కలేదు. వచ్చే ఉగాదికి వెళ్లి చూడాలని మా అత్తగారూ నేనూ అనుకున్నాం. ఈసారి మజిలీ లెక్కలో ముందే వేసుకున్నాం. లైటుకు బ్యాటరీలు కూడా కొని పెట్టాం.

మీరు కూడా ఈ సాయంత్రం పని అంతా అయ్యాక కాదు, పని మధ్యలోనే, ఒక పది నిమిషాలు కూర్చోండి. కూర్చున్నాక ఒక్కసారి మీ ఇంట్లో, మీ ఆఫీసులో ఇంకా నిలబడి ఉన్నది ఎవరో చూడండి. ఆమెను కూడా పిలిచి కూర్చోబెట్టండి.